చెప్పు కరిచిన వేలు

మా అమ్మాయి నిశ్చితార్థం అయిన మర్నాడు పొద్దున్నే బాత్రూమ్ గుమ్మంలో కూర్చుని, కుడికాలు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. ఇరవై ఆరేళ్ల పిల్ల. ఏమైందే అని కంగారుగా వెళ్లి చూశాను. బొటనవేలి గోరు చుట్టూ ఎర్రగా వాచి ఉంది. గోరు సగం నల్లబడింది. చిటికెనవేలి మీద పొక్కు లేచి, చితికి, పైచర్మం పక్కకి జరిగిపోయింది.

"చెప్పు కరిచిందమ్మా" అంది.

ఆ చెప్పులు కొన్నది నేను. నాలుగంగుళాల మడమ, ముందు భాగం సూదిమొనలా ఉంటుంది. షాపులో వేసుకుని చూసినప్పుడే "వేళ్లు నొక్కుకుపోతున్నాయమ్మా" అంది. "కొత్తవి కదా, వేసుకోగా వేసుకోగా అవే సాగుతాయిలే" అన్నదీ నేనే.

ఎందుకు కొన్నానో చెప్పాలి. మా అమ్మాయి నాలుగడుగుల పదకొండంగుళాలు. నా పోలిక. కాబోయే అల్లుడు అయిదడుగుల పదకొండు. సరిగ్గా అడుగు తేడా. వాళ్లిద్దరికీ ఆ తేడా గురించి పట్టింపే లేదు, దాని మీద వాళ్లే జోకులు వేసుకుంటారు. కానీ తాంబూలాల తేదీ అనుకునేటప్పుడు వియ్యపురాలు ఒక మాట అంది. "ఫోటోల్లో పిల్ల మావాడి భుజం కిందికి పోతోంది వదినగారూ, కాస్త ఎత్తు చెప్పులు వేయిస్తే నిండుగా ఉంటుందేమో" అని. నవ్వుతూనే అంది, మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. ఆ మాట మా వారు విన్నారు, మా ఆడపడుచు వింది, ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆడపిల్ల తల్లి చెవులు వేరుగా ఉంటాయి. ఆ సాయంత్రమే మా అమ్మాయిని వెంటబెట్టుకుని బీసెంట్ రోడ్డుకి వెళ్లాను.

నా చెవుల్లో ఆ మాట అంతగా గుచ్చుకోవడానికి ఇంకో కారణం ఉంది. అది 1997 నాటిది.

మా తెనాలిలో అప్పట్లో సంబంధాలు చూస్తున్నారంటే ముందు ఫుల్ సైజు ఫోటో తీయించాలి. స్టూడియో వెనక తెర మీద పూలతోట, పక్కన ప్లాస్టిక్ కుండీ. ఆ ఫోటో కోసం మా పిన్ని తన ఎత్తు చెప్పులు తెచ్చి ఇచ్చింది. చీర కుచ్చిళ్లు నేలకి ఆనేలా కట్టి చెప్పులు కనపడకుండా సర్దింది. బయోడేటాలో అమ్మ ఎత్తు దగ్గర అయిదు రెండు అని రాయించింది. "అమ్మా, నేను అయిదు కూడా లేను కదే" అంటే, వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు, ఇది మూడంగుళాల అబద్ధమేగా అంది.

తీరా పెళ్లిచూపులు ఇంట్లో. మనిళ్లలో చెప్పులు గుమ్మం బయటే కదా! ఈ సంగతి అమ్మకి ముందురోజు రాత్రి గుర్తొచ్చింది. ఇక రాత్రంతా నిద్ర లేదు. చివరికి ఆవిడ కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, వాళ్లు రాకముందే నన్ను చాప మీద కూర్చోబెట్టేయడం. కాఫీలు మా చెల్లెలు అందించింది. వెళ్లేటప్పుడు పెద్దవాళ్లకి దణ్ణం పెట్టమన్నారు, అప్పుడు లేచాను. వంగి దణ్ణం పెట్టేసి వంగినట్టే లోపలికి పోయాను. సంబంధం కుదిరింది. మా అబద్ధం నెగ్గిందనుకున్నాం.

పెళ్లి అంతా వట్టికాళ్లతోనే కదా, పీటల మీద కూర్చున్నంతసేపూ ఎవరి ఎత్తు ఎవరికీ పట్టలేదు. మర్నాడు రిసెప్షన్. దానికి అమ్మ కొత్త ఎత్తు చెప్పులు కొనిపెట్టింది. ముందు మూసి, మొన దేలి ఉన్న రకం. అప్పటికి కాళ్లకి మెట్టెలు తొడిగి ఒక్కరోజే అయింది. అవి కూడా మామూలువి కావు, మూడు చుట్లు, పైన గుళ్లు ఉన్నవి. ఆ చెప్పులో అయిదు వేళ్లూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, రెండో వేలికున్న వెండి గుళ్లు మూడో వేలిని కోస్తూ ఉన్నాయి. మూడు గంటలు నిలబడ్డాను. వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ దణ్ణాలు పెట్టాను. మొదట మంట. తరవాత పోట్లు. ఆ తరవాత కాసేపు ఏమీ తెలియలేదు, వేళ్లు మొద్దుబారిపోయాయి. చెప్పులు విడిచినప్పుడు మళ్లీ ప్రాణం పోయినంత పనైంది.

ఆ రాత్రే అత్తగారింట గృహప్రవేశం. "కుడికాలు ముందు పెట్టమ్మా" అన్నారు. కోసుకుపోయింది కుడికాలే. పారాణి ఎరుపులో రక్తం ఎవరికీ కనపడలేదు. కానీ అడుగు సరిగా పడలేదు. గుమ్మంలో ఉన్న బంధువులావిడ ఎవరో పక్కావిడతో మెల్లగా, "పిల్లకి కాలేమైనా అవుడా?" అనడం నాకు వినపడింది. కొత్త కోడలికి ఆ మాట ఎంత భయమో మీకు చెప్పక్కర్లేదు. మర్నాటినుంచి నొప్పి ఉన్నా తిన్నగా నడవడం నేర్చుకున్నాను. ఆ తరవాత పదేళ్లపాటు గడప దాటితే ఎత్తు చెప్పులే. అబద్ధం నిలబెట్టాలిగా. నా చిటికెనవేళ్ల మీద రెండు ఆనికాయలు, బొటనవేలి పక్కన ఉబ్బిన ఎముక అప్పటి సంపాదనే.

ఇంత జరిగినదాన్ని, నా కూతురికి నా చేత్తో అవే చెప్పులు కొన్నాను. చూశారా.

గోరుచుట్టు మీద రోకటిపోటు అని మనవాళ్లు ఊరికే అనలేదు. మా అమ్మాయి ఆ వేలితోనే రెండు రోజులు ఆఫీసుకి బూట్లు వేసుకుని వెళ్లింది. మూడోరోజు చీము పట్టింది. అప్పుడు మా వీధి చివర ఉన్న ఎముకల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చీము తీసి, గోరు అంచు సరిచేసి, మందులు రాసింది. గోళ్లు మూలలు గుండ్రంగా లోపలికి కోయొద్దు, తిన్నగా కోయమంది. మూలలు లోతుగా కోస్తే, పైన చెప్పు నొక్కినప్పుడు గోరు కండలోకి దిగుతుందట. పొక్కు చితకకపోతే చితపొద్దు, ఆ పైచర్మమే దానికి కట్టు అంది. చితికిపోతే సబ్బునీళ్లతో కడిగి, కప్పి ఉంచాలి.

"పెళ్లి ఎప్పుడు?" అని అడిగింది. ఏడు వారాలుందన్నాను. "మళ్లీ ఇవేనా?" అంది చెప్పులు చూసి. నేను నసిగాను. ఆవిడ తిట్టలేదు. ప్రిస్క్రిప్షన్ వెనక ఒక ఏటవాలు గీత గీసింది.

"ఎత్తు మడమ అంటే పాదానికి జారుడుబల్ల అమ్మా. మీరు నిలబడ్డంతసేపూ పాదం కిందికి జారుతూనే ఉంటుంది. బరువంతా వేళ్ల మొదళ్ల మీదికి వస్తుంది. జారుడుబల్ల చివర ఇరుకు గది ఉంటే వేళ్లు ఏం చేస్తాయి? ముడుచుకుంటాయి, ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. మీరు వేళ్లకి ఎన్ని ప్లాస్టర్లు చుట్టినా, పైనుంచి జారేది ఆపకపోతే లాభం లేదు" అంది.

ఇన్నేళ్లూ నేను వేలి దగ్గరే చూశాను. మడమ దగ్గర మొదలయ్యే వ్యవహారమని తెలియదు. ఇంకో మాట కూడా చెప్పింది. చెప్పు బిగుతుగా ఉందని ఒక సైజు పెద్దది కొంటాం చూడండి, ఎత్తు చెప్పుల్లో అది మరీ నష్టం. పొడుగు పెరిగేసరికి పాదం ఇంకా ముందుకి జారిపోతుంది, వేళ్లు వెళ్లి మొనలో ఇరుక్కుంటాయి, వెనక మడమ జారి పొక్కులు లేస్తాయి. మనకి కావలసింది వెడల్పు, పొడుగు కాదు.

ఇదంతా విన్నాక కూడా నేను ఆ చెప్పులు వదల్లేదు. రెండువేల రూపాయలు పోశాను మరి! వాటినే ఎలాగైనా సాగదీయాలని పట్టుబట్టాను. మా నాన్న కొత్త తోలు చెప్పులకి ఆముదం రాసి రెండ్రోజులు ఉంచేవారు, మెత్తబడేవి. ఇవి తోలు కాదు, రెక్సిన్. ఆముదం రాస్తే జిడ్డు తప్ప ఏం లేదు. దళసరి సాక్సు వేసి, చెప్పు తొడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి పెట్టాం. తోలుకైతే అది కాస్త పనిచేస్తుంది. దీనికి అంచు దగ్గర జిగురు వాసన వచ్చింది. చివరికి ఒక వీడియోలో చూశాను, జిప్ కవర్లో నీళ్లు పోసి చెప్పు ముందుభాగంలో పెట్టి ఫ్రీజర్లో పెడితే, నీళ్లు గడ్డకట్టి వ్యాకోచించి చెప్పుని సాగదీస్తాయని. శాస్త్రప్రకారం బాగానే ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక, కొత్త చెప్పులేగా అనుకుని, శుభ్రంగా తుడిచి, కవర్లో చుట్టి, బఠాణీల పక్కన పెట్టాను.

పొద్దున్న మా అత్తగారు ఐస్ కోసం ఫ్రీజర్ తీసింది.

ఆవిడకి డెబ్భై తొమ్మిదేళ్లు. మడి వదిలేసి చాలాకాలమైంది గానీ ఫ్రిజ్‌లో చెప్పులు చూసి తట్టుకునేంత వదల్లేదు. చేతిలో చెప్పుతో హాల్లోకి వచ్చి నిలబడింది. "ఇదేమిటే?" అంది. అరవలేదు. అరిస్తే బావుండేది.

చెప్పాను. వియ్యపురాలి మాట నుంచి డాక్టరమ్మ గీసిన గీత దాకా మొత్తం చెప్పాను. ఆవిడ ఆ చెప్పుని అటూ ఇటూ తిప్పి చూసింది. జిగురు ఊడి, మొన దగ్గర పైపొర పగిలి ఉంది. ఇక పనికిరాదు.

"నీ పెళ్లిలోనూ ఇలాంటివే" అంది.

నేను మాట్లాడలేదు.

"ఆ రాత్రి మీరు లోపలికి వెళ్లాక గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతుంటే నీది చేతికి తడిగా తగిలింది. లోపలంతా రక్తం. తెల్లారితే ఎవరైనా చూసి ఏదో ఒకటి అంటారని అప్పుడే పెరట్లోకి తీసుకెళ్లి కడిగాను."

"నాకు చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు చెప్పలేదుగా. కొత్తగా వచ్చినదానివి, దాచుకున్నావు. దాచుకున్నదాన్ని ఏమని అడగను?"

కాసేపాగి, "ఎత్తు చెప్పులు ఎందుకేసుకుంటున్నావో కూడా తెలుసులే" అంది. "పెళ్లిచూపుల్లో వంగి దణ్ణం పెట్టి వంగే లోపలికి పోయావు. ఎవరైనా అలా పోతారా? దారిలో మీ మామగారితో అన్నాను, పిల్ల పొట్టిదండీ, బావుంది అని."

ఇరవై ఎనిమిదేళ్లు. పదేళ్లు ఎత్తు చెప్పులు, తరవాత పద్దెనిమిదేళ్లు ఆనికాయలు. ఎవరి కోసం దాచానో ఆవిడకి మొదటిరోజే తెలుసు. నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. మా అమ్మాయి మాత్రం గదిలోంచి వచ్చి, "నానమ్మా, ఆ బఠాణీలు నేను తినను" అంది.

దానికి ఈ విషయాలు బాగా తెలుసు. ఆ రోజే ఒక సంగతి చెప్పింది. జపాన్‌లో ఆఫీసుల్లో ఆడవాళ్లు హీల్స్ వేసుకుని తీరాలనడం మీద 2019లో యుమి ఇషికావా అనే ఆవిడ పెద్ద ఉద్యమమే లేవదీసిందట. దానికి కుటూ అని పేరు. వాళ్ల భాషలో కుత్సు అంటే చెప్పు, బూటు. కుత్సూ అని సాగదీస్తే నొప్పి. దానికి మీటూ కలిపారు. "అక్కడ బాసులు వేసుకోమన్నారు కాబట్టి పిటిషన్ పెట్టారు. నేను ఎవరి మీద పెట్టనమ్మా?" అని నావైపు చూసింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. హీల్స్ వద్దు అని మా అమ్మాయి అనలేదు. దానికి ఇష్టమే. లంగా ఓణీ మీద కాస్త ఎత్తుగా, నిటారుగా నిలబడితే తనకే బావుంటుందంది. "నాకు నచ్చినవి, నా వేళ్లు పట్టేవి కొంటాను, నువ్వు ఊరికే పక్కన నిలబడు" అని షరతు పెట్టింది. ఈసారి సాయంత్రం ఏడింటికి వెళ్లాం. పొద్దుటికంటే సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, రిసెప్షన్ కూడా రాత్రే కాబట్టి ఆ కొలతకే కొనమని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లోనే పాత పేపరు మీద రెండు కాళ్లతో బరువు వేసి నిలబెట్టి, పెన్సిల్‌తో పాదం చుట్టూ గీసి, కత్తిరించి పట్టుకెళ్లాం. కూర్చుని గీస్తే లాభం లేదు, బరువు పడితేనే పాదం విచ్చుకుంటుంది. ఆ కాగితం పాదం చెప్పు మీద పెడితే ఎక్కడ బయటికి వచ్చిందో అక్కడే కరుస్తుందన్నమాట. షాపు కుర్రాడు మమ్మల్ని వింతగా చూశాడు గానీ, నాలుగో జత దగ్గరికొచ్చేసరికి అతనే కాగితం తీసుకుని కొలవడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి ఎడమపాదం కుడిదానికంటే రవ్వంత పెద్దదని అప్పుడే తెలిసింది. పెద్ద పాదానికే కొనాలి.

చివరికి తీసుకున్నవి ఇలా ఉన్నాయి. మడమ మూడంగుళాలు, కానీ సన్నటి పుల్ల కాదు, దిమ్మలా వెడల్పు. ముందు అట్ట కూడా అంగుళం మందం ఉంది కాబట్టి లోపల పాదానికి తగిలే వాలు రెండంగుళాలే. ఇది నాకు భలే నచ్చింది, బయటికి మూడు, లోపల రెండు! ముందు వేళ్లు బయటికి కనిపించే రకం, కానీ పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉన్నాయి. సన్నటి గట్టి పట్టీ అయితే చిటికెనవేలి మీదే పడి కోస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, చీలమండ దగ్గర ఒక పట్టీ, పాదం మధ్యలో ఇంకోటి. జారకుండా పట్టుకునేవి అవే.

లోపల వేసే జెల్ మెత్తలు కూడా అప్పుడే కొని, చెప్పులో వేసి, అప్పుడు నడిచి చూడమన్నాను. ఎందుకంటే చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. నేనూ చేశాను. బిగుతు చెప్పులో మెత్త వేస్తే ఇంకా బిగుతవుతుంది. మెత్తకి చోటుంటేనే మెత్త. దాన్ని వేళ్ల కింద కాకుండా, వేళ్ల మొదళ్ల కింద, రవ్వంత వెనక్కి అతికించాలి. వేళ్లకి తొడిగే సిలికాన్ టోపీల సంగతీ అంతే, వెడల్పు ఉన్న చెప్పులో హాయి, ఇరుకు దాంట్లో శిక్ష.

పెళ్లి లోపు రోజూ సాయంత్రం అరగంట ఇంట్లో వేసుకుని తిరిగింది. "ఇంట్లో చెప్పులా" అని నేను అనబోతే, "ఫ్రిజ్‌లో పెట్టినదానివి నువ్వు మాట్లాడకు" అంది అత్తగారు. ఆ నడకలో ఎక్కడ ఒరుసుకుంటోందో తెలిసిపోయింది. ఎడమ చిటికెనవేలి పక్కన, మడమ వెనక. ఆ రెండు చోట్లకే ముందుగా కాగితపు ప్లాస్టర్ వేయడం నేర్చుకున్నాం. ఆస్పత్రుల్లో దూది మీద అంటిస్తారే, ఆ తెల్లటి సన్నది. కాలు కడిగి, బాగా తుడిచి, పొడి చర్మం మీద ముడత పడకుండా వేయాలి. ముడత పడితే ఆ ముడతే కొత్త పొక్కు తెస్తుంది. ఎర్రబడ్డాక కాదు, ఎర్రబడకముందే వేయాలి. వాజలైన్ రాస్తే కూడా ఒరుపు తగ్గుతుంది గానీ అది గంటో గంటన్నరో. ఆ తరవాత చర్మం నాని ఇంకా తొందరగా పొక్కుతుంది. మూడో వేలూ నాలుగో వేలూ కలిపి ప్లాస్టర్ చుడితే నొప్పి తెలియదని ఆఫీసులో ఎవరో చెప్పారట, చుట్టి చూసింది, మాకేమీ తేడా కనపడలేదు.

ఈ హడావుడి చూసి అత్తగారు, తన పాత ఆనికాయకి నేను తెచ్చుకున్న మందు ప్లాస్టరు వేయమంది. పెట్టె మీద చదివి వద్దన్నాను. అందులో చర్మాన్ని కరిగించే యాసిడ్ ఉంటుంది. ఆవిడకి షుగర్. షుగర్ ఉన్నవాళ్లకి కాళ్లలో స్పర్శ తగ్గుతుంది, పుండు పడినా తెలియదు, మానదు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు అడిగితే వేయకండి, డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి.

ఇక మెట్టెలు. నా అనుభవం నాకుంది కదా, దీని మీద మాత్రం నేను గట్టిగా నిలబడ్డాను. గుళ్లు, మువ్వలు, మూడు చుట్లు ఏవీ వద్దని, సన్నటి ఒంటిచుట్టు, పైన చదునుగా ఉన్నవి చేయించాను. లోపలి అంచు వేలితో తడిమి చూసి మరీ తీసుకున్నాను. వేలు ఉబ్బితే సర్దుకునేలా కింద చీలిక ఉన్నవి. వియ్యపురాలు ఫోన్‌లో, "మరీ సన్నగా ఉన్నాయేమో వదినగారూ" అంది. "మెట్టె కనపడితే చాలు వదినగారూ, వేలు తెగక్కర్లేదు" అన్నాను. అనేశాక నాకే భయం వేసింది. అవతల కాసేపు నిశ్శబ్దం. తరవాత ఆవిడ నవ్వింది. మా పెళ్లిలో నాకూ అలాగే అయింది అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు.

మాఘమాసంలో పెళ్లయింది. మర్నాడు రిసెప్షన్‌కి నేను ఒక చిన్న సంచీ తయారుచేసుకున్నాను. కాగితపు ప్లాస్టర్, చిన్న కత్తెర, దూది, పొక్కు ప్లాస్టర్లు రెండు, మడతపెట్టే మెత్తటి చెప్పులు ఒక జత. మా అమ్మాయి మూడు గంటలు నిలబడింది. మధ్యలో రెండుసార్లు సోఫాలో కూర్చోబెట్టి, లెహంగా కింద చెప్పులు విడిపించి, వేళ్లు విప్పి ముడవమన్నాను. తొమ్మిదిన్నరకి చెప్పులు మార్చేసుకుంది. ఎత్తు ఒక్కసారిగా మూడంగుళాలు తగ్గింది. అల్లుడు వంగి చూసి, "ఎక్కడికెళ్లావ్?" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ ఫోటోయే ఇప్పుడు మా హాల్లో ఉంది.

నేను మంచినీళ్ల కోసం స్టేజి వెనక గదిలోకి వెళ్లేసరికి వియ్యపురాలు ఒక్కతే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పట్టుచీర కుచ్చిళ్లు కొంచెం పైకి లాగి, ఒక కాలు ఇంకో కాలి మీద వేసుకుని. కింద నేల మీద రాళ్లు పొదిగిన ఎత్తు చెప్పులు. మొన దేలినవి. ఆవిడ కూడా నాకంటే రెండంగుళాలకి మించి పొడుగు ఉండదు. ఈ సంగతి ఇన్ని నెలల్లో నాకు తట్టలేదు. ఎప్పుడు చూసినా ఆవిడ ఎత్తు చెప్పుల మీదే ఉంటుంది, మా ఇంటికొస్తే రాగానే సోఫాలో కూర్చుంటుంది.

నన్ను చూసి కాలు దించేసుకోబోయింది. "ఉండండి వదినగారూ" అని సంచీ తీశాను. కింద కూర్చుని ఆవిడ పాదం ఒళ్లో పెట్టుకున్నాను. చిటికెనవేలు చితికిపోయి ఉంది. మెట్టె మూడో వేలిలోకి దిగి గుంట చేసింది. తడి దూదితో తుడుస్తుంటే ఆవిడ పళ్లు బిగపట్టింది.

"మీ అన్నయ్యగారు బాగా పొడుగు కదా వదినగారూ" అంది కాసేపటికి. "పెళ్లయినప్పటినుంచీ ఇవే."

నేను తలెత్తలేదు. ప్లాస్టర్ ముడత పడకుండా వేస్తున్నాను.

అప్పుడే మా ఆడపడుచు తలుపు తోసుకుని వచ్చింది. నన్ను, నా ఒళ్లో ఉన్న ఆ కాలిని చూసి అక్కడే ఆగిపోయి, గిరుక్కున వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నేను బయటికి రాగానే చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైంది వదినా? పెళ్లి అయిపోయాక కాళ్లు పట్టుకోవడం ఏమిటి? వాళ్లేమైనా అడిగారా?"

"అడిగారు" అన్నాను. "రెండో కాలికి కూడా వేయమని."